కర్నూలు ఎండలో కాక్టస్‌లు కుళ్లిపోతున్నాయి, ఎందుకు?

మీ ప్రశ్న ఇది కదా: ఏప్రిల్‌లో నర్సరీ నుంచి ఎనిమిది కాక్టస్, సక్యులెంట్ (ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకునే) మొక్కలు తెచ్చి కర్నూలులో మీ మిద్దె మీద పెట్టారు. ఎండ మండిపోతోందని రోజు మార్చి రోజు నీళ్లు పోశారు. జూలై వచ్చేసరికి ఐదు పోయాయి. పైకి బాగానే కనిపించినవి పట్టుకోగానే మొదలు మెత్తబడి ఊడి వచ్చాయి. ఎడారి మొక్కలు మన ఎండకు చావడమేంటని అడిగారు. మిగిలిన మూడు బంగారు రంగు ముళ్ల గుండు కాక్టస్, హవోర్తియా (దళసరి ఆకులు గుత్తిగా ఉండే చిన్న మొక్క), అడీనియం (ఎడారి గులాబీ).

నేను అనంతపురంలో ఉంటాను. తొమ్మిదేళ్లుగా మిద్దె మీద ఈ మొక్కలే పెంచుతున్నాను. మొదటి ఎండాకాలంలో పద్నాలుగు తెస్తే పదకొండు పోయాయి, అన్నీ మీవి పోయినట్టే పోయాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట నమ్మండి. మీ మొక్కలు ఎండకు చావలేదు. వేడెక్కిన కుండీలో వేర్ల దగ్గర నిలిచిన తడికి చచ్చాయి.

మన ఇళ్లలో దిష్టికని గుమ్మానికి కలబందను తలకిందులుగా కడతాం కదా. మా అమ్మ కట్టినది ఒకటి మట్టి లేకుండా, చుక్క నీళ్లు లేకుండా ఏడు నెలలు పచ్చగానే ఉంది. పైగా కొసలు వెలుతురు వైపు వంగి పైకి లేచాయి. అదే సమయంలో దాని పిలకను కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోశాను, అది మే నెలలోనే కుళ్లిపోయింది. ఆ రెండింటినీ పక్కపక్కన చూసిన రోజు నాకు విషయం అర్థమైంది. ఈ మొక్కలు నీళ్లను తమలోనే దాచుకుంటాయి. మనం రోజూ పోయాల్సిన పని లేదు.

ఎండలో నీళ్లు పోస్తే ఎందుకు కుళ్లుతాయంటారా? మామూలు మొక్కలు ఆకుల మీది రంధ్రాలను పగలు తెరుస్తాయి. కాక్టస్‌లు, కలబంద లాంటివి పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. అప్పుడే కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి, తెల్లారాక ఎండలో దాన్ని వాడుకుంటాయి. వాటికి రాత్రి చల్లదనం అవసరం. మే నెలలో కర్నూలులో పగలు 42, 43 డిగ్రీలు ఉంటే రాత్రి కూడా 28కి దిగని రోజులుంటాయి. మిద్దె అయితే అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. అలాంటప్పుడు చాలా రకాలు పెరగడం ఆపేసి నిద్రపోతాయి. వేర్లు నీళ్లు తాగవు. మనం పోసింది వేడి మట్టిలో అలాగే ఉండి వేర్లను ఉడికిస్తుంది, ఆపైన బూజు పడుతుంది. మొక్క ముడుచుకుపోయింది, పాపం దాహమేస్తోందని మనం ఇంకో చెంబు పోస్తాం. నేను అదే చేశాను.

నాకు రెండో పాఠం పెనుకొండ గుట్ట దగ్గర దొరికింది. మన గుట్టల మీద బొమ్మజెముడు, కాడజెముడు, నల్లేరు, కుందేటి కొమ్ములు ఎవరూ పెంచకుండానే పెరుగుతాయి. (కుందేటి కొమ్ముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన కారల్లుమా అన్న పేరు, రాక్స్‌బర్గ్ 1795లో అచ్చు వేసిన తెలుగు పేరు నుంచి వచ్చింది. మన మాట ప్రపంచమంతా తిరుగుతోందంటే నాకు భలే సంతోషం.) అవి ఎక్కడ మొలిచాయో కూర్చుని చూడండి. పెద్ద బొమ్మజెముడు నడి ఎండలో నిలబడి ఉంటుంది. చిన్న మొక్కలు మాత్రం ఏ పొద కిందనో, బండ సందులోనో, మధ్యాహ్నం నీడ పడే చోటే ఉంటాయి. వాన పడితే నీళ్లు రాళ్ల మధ్య నుంచి నిమిషాల్లో జారిపోతాయి. అమెరికా ఎడారిలో నిలువెత్తున పెరిగే సాగ్వారో కాక్టస్ పిల్ల మొక్కలు కూడా ముందు వేరే చెట్టు నీడలోనే పెరుగుతాయి. నర్సరీ మొక్క అంటే పిల్ల మొక్కే. గ్రీన్ నెట్ కింద పెరిగినదాన్ని ఏప్రిల్‌లో నేరుగా మిద్దె మీద పెడితే పడమటి ఎండ తగిలిన వైపు తెల్లగా పాలిపోయి, తర్వాత గోధుమ రంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టండి, లేదా ఉదయం పదకొండు దాకా మాత్రమే ఎండ తగిలే తూర్పు వైపుకి జరపండి. కొత్త మొక్కలు కొనడానికి అక్టోబర్ నుంచి జనవరి మంచి కాలం. మెల్లగా ఎండకు అలవాటు పడి ఎండాకాలానికి గట్టిపడతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలు మిద్దె మీద వద్దు, మధ్యాహ్నం వాటిని చేత్తో పట్టుకోలేం, లోపల వేర్ల గతి ఏమిటో ఆలోచించండి. మట్టి కుండీలు వాడండి, వాటిని రెండు ఇటుకల మీద నిలబెట్టండి. కింద గాలి ఆడితే మిద్దె సెగ తగ్గుతుంది. మా దగ్గర ఆషాఢం గాలులకు తేలిక కుండీలు ఎగిరి పడతాయి, బరువైన మట్టి కుండీలకు ఆ బాధా లేదు.

ఇప్పుడు మట్టి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నర్సరీ మొక్కలు చాలావరకు కొబ్బరి పొట్టులో వస్తాయి. దూరం నుంచి లారీల్లో తేవడానికి అది తేలిక కాబట్టి వాళ్లు అలా పెడతారు. మనకు మాత్రం పనికిరాదు. తడిసితే రోజుల తరబడి ఆరదు, పూర్తిగా ఎండితే పోసిన నీళ్లు అంచుల వెంట జారిపోయి నడిమి వేర్లకు అందవు. కొన్న వారంలోగా మొక్కను బయటికి తీసి, వేర్ల మధ్య పొట్టంతా వేళ్లతో విదిలించి, మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో పెట్టండి. పెట్టాక ఇంకో వారం నీళ్లు వద్దు. తెగిన వేర్లు మానాలి.

నేను కలిపే లెక్క చెబుతాను: జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, పెసర గింజంత, శనగ గింజంత ఉండే ఇటుక ముక్కలు లేదా గ్రానైట్ చిప్స్ ఒకటిన్నర పాళ్లు, పాత వర్మీకంపోస్టు అర పాలు. ఇసుకను రెండు సార్లు కడిగి సన్న బురద పోనివ్వాలి. ప్లాస్టరింగ్‌కి వాడే సన్న ఇసుక అయితే ఎర్రమట్టితో కలిసి సిమెంటులా గట్టిపడుతుంది. మీ కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి ఎక్కువ, దాన్ని మాత్రం ఒక్క పిడికెడు కూడా కలపొద్దు. మిశ్రమం సరిపోయిందో లేదో చూడటం తేలిక. కుండీలో పోసిన చెంబు నీళ్లు అర నిమిషంలో అడుగు నుంచి రావాలి. మీద మడుగు కట్టిందంటే ఇంకా చిప్స్ కలపాలి.

మీద అందం కోసం రాళ్లు పరుస్తారు కదా. మనకు కడప బండల ముక్కలు, బేతంచెర్ల ముక్కలు సులభంగా దొరుకుతాయి. నేనూ పరిచాను, తీసేశాను. రెండూ సున్నపురాళ్లే, మన బోరు నీళ్లలో ఇప్పటికే సున్నం ఎక్కువ. పైగా నల్లటి కడప రాయి ఎండను పీల్చి మొక్క మొదలునే కాలుస్తుంది. లేత రంగు గ్రానైట్ చిప్స్ మేలు.

నీళ్లకు రోజుల లెక్క పెట్టుకోవద్దు. ఒక వెదురు పుల్ల అడుగు దాకా గుచ్చి పది నిమిషాలాగి తీయండి. చల్లగా ఉన్నా, మట్టి అంటుకున్నా ఆగండి. పూర్తిగా పొడిగా వస్తే, ఇంకో రెండు మూడు రోజులాగి, అడుగు నుంచి కారేదాకా పోయండి. రెండు చెంచాలు చిలకరించడం కంటే అరుదుగా, నిండుగా పోయడమే మంచిది. నాకు వచ్చిన లెక్క చలికాలంలో ఇరవై రోజులకోసారి, మే నెలలో పన్నెండు, పదిహేను రోజులకోసారి, అదీ మిద్దె చల్లబడ్డాక రాత్రి ఎనిమిది దాటి. అడుగున ప్లేట్లు ఉంటే తీసేయండి.

బోరు నీళ్లతో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. దానికంటే ప్రమాదం ఆర్‌ఓ మెషీన్ వదిలేసే నీళ్లు. వృథా చేయడం ఇష్టం లేక మొక్కలకు పోస్తుంటాం, కానీ బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి ఉండేది అందులోనే. ఇల్లు కడగడానికి వాడుకోండి. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే అంతకంటే మేలైనది లేదు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి.

వానలకు అనంతపురంలో భయపడాల్సింది తక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, అందులో మిగతా నెలల కంటే ఎక్కువ పడేది సెప్టెంబర్, అక్టోబర్లలో. ఆ రెండు నెలలు వరుసగా ముసురు పట్టిన రోజుల్లో గుండు కాక్టస్‌ల మీద పాలిథిన్ షీటు కడతాను. ఒక్కరోజు వాన పడి ఎండ కాస్తే ఏమీ కాదు.

రకాల సంగతి. గులాబీలా విచ్చుకునే ఎచెవేరియాలు ఫోటోల్లో చూసి అందరం మోజు పడతాం. వాటిలో చాలావరకు మెక్సికో కొండ ప్రాంతాలవి, చల్లటి రాత్రులు కావాలి. బెంగళూరులో పెరుగుతాయి, మనకు మే దాటవు. నాలుగు సార్లు తెచ్చి మానేశాను. పచ్చటి కాడ మీద ఎర్ర, పసుపు గుండు అంటించినట్టు ఉండేదాన్ని కూడా ఇంటికి తెచ్చుకోకండి. ఆ గుండులో పత్రహరితం లేదు, కింద ఉన్న డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడ పెట్టే తిండితో బతుకుతుంది, ఎక్కువ కాలం నిలవదు. కాక్టస్ తల మీద ఎండుపువ్వు జిగురుతో అంటించి అమ్మిన నర్సరీని కూడా చూశాను. ఆ జిగురు పీకితే మొక్క చర్మం ఊడి వచ్చింది. పువ్వును మెల్లగా కదిలించి చూసి కొనండి. మన ఎండకు నిలిచేవి అడీనియం, నాగజెముడు జాతులు, కిత్తనార, కలబంద, స్నేక్ ప్లాంట్, నర్సరీల్లో జేడ్ అని అమ్మే చిన్న ఆకుల మొక్క. ఆ చివరిది దక్షిణాఫ్రికాలో ఏనుగులు మేసే పొద. మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఉంది, కొమ్మ విరిచి గుచ్చితే చాలు.

బొమ్మజెముడు, కాడజెముడు కాక్టస్‌లు కావు. గిల్లితే పాలు కారతాయి, చాలా కాక్టస్‌లకి కారవు. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. పొరపాటున పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పురుగుల్లో మనల్ని పట్టేది పిండినల్లి. ముళ్ల సందుల్లో దూది తునకల్లా కనిపిస్తుంది. చీమలు తిరుగుతున్నాయంటే అది ఎక్కడో ఉన్నట్టే. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడవండి. వేపనూనె కొడితే సాయంత్రమే కొట్టండి, ఎండలో అయితే మొక్క మాడుతుంది. నాగజెముడు మీద తెల్లటి దూది ఉండి, నలిపితే ఎర్రటి రంగు అంటుకుంటే అది వేరే పురుగు. పొలాల గట్లు నిండిపోయిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి తెప్పించిన రకం దక్షిణ భారతంలో స్థిరపడింది. అది కనిపిస్తే ఆ మట్టను కోసి దూరంగా పారేయండి.

ఇక మీ దగ్గర మిగిలిన మూడు. అన్నిటినీ ఈరోజే కుండీల నుంచి తీసి వేర్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే బతికినట్టే. గుండు కాక్టస్ మొదలు నొక్కితే మెత్తగా ఉంటే స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కింది నుంచి పలుచగా కోస్తూ పోండి. కోసిన చోట మధ్యలో గుండ్రంగా ఒక వలయం కనిపిస్తుంది. అది గోధుమ రంగులో ఉన్నంతవరకూ ఇంకా కోయాల్సిందే, ప్రతి కోతకూ బ్లేడు తుడవాలి. లేత రంగు కండ వచ్చాక సాఫ్ అనే బూజు మందు పొడి అద్ది, నీడలో పది పదిహేను రోజులు ఆరబెట్టి, పొడి ఇసుక మీద కూర్చోబెట్టండి. వేర్లు రావడానికి నెలలు పట్టవచ్చు, కంగారు పడి నీళ్లు పోయకండి.

హవోర్తియాకు నేరుగా ఎండ వద్దు, దాని సొంత ఊరు దక్షిణాఫ్రికాలో అది పొదల కిందే పెరుగుతుంది. వంటింటి కిటికీలో పెట్టండి. అడీనియం మాత్రం వీటన్నిటికీ వేరు. వేడిలోనే పెరుగుతుంది, పూర్తి ఎండ ఇవ్వండి, ఎండాకాలంలో మట్టి ఆరిన ప్రతిసారీ నీళ్లు పోయవచ్చు. డిసెంబర్‌లో ఆకులు రాలిస్తే చచ్చిందనుకోకండి, నీళ్లు ఆపేసి అలాగే ఉంచండి. ఫిబ్రవరి చివర కొమ్మలు కత్తిరిస్తే చిగురు వేస్తుంది. వేర్లు ఎలా ఉన్నాయో చూశాక, గుండు కాక్టస్ కోత ఫోటో పెట్టండి. వలయం రంగు చూసి ఇంకా కోయాలో వద్దో చెబుతాను.