అన్నీ పైథాన్లే అయితే ఎలారా

చిరంజీవి చంటికి,

మామయ్య ఆశీస్సులు. వార్‌జోన్ 2100 కంప్యూటర్ ఆటలో నువ్వు డిజైన్ చేసుకున్న ట్యాంకుల పట్టిక చూశాను. పేర్లు వేరువేరుగా పెట్టావు గానీ అందులో ఉన్నది ఒకటే డిజైను. అన్నీ బరువైన పైథాన్ బాడీలే, అన్నిటికీ ట్రాకులే (చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టాలు), అన్నిటి నెత్తినా ఫిరంగే. "బలమైనవన్నీ కలిపితే బలమైన సైన్యం అవ్వాలి కదా మామయ్యా, మరి ప్రతిసారీ ఎందుకు ఓడిపోతున్నాను?" అని అడిగావు. వార్‌జోన్ 2100 కొత్తగా మొదలెట్టిన వాళ్ళలో చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. తప్పంతా నీదే అనను. ఆ డిజైన్ స్క్రీనే మనిషిని అలా ఊరిస్తుంది.

ముందు దీని గొప్పతనం చెప్తాను, తర్వాత తిడతాను. 1999లో పంప్‌కిన్ స్టూడియోస్ వాళ్ళు తయారుచేస్తే ఐడోస్ విడుదల చేసిన ఆట ఇది. కంపెనీ మూతపడ్డాక 2004లో దీని సోర్స్ కోడ్ బయటపెట్టారు. అప్పట్నుంచి ఆడేవాళ్ళే దీన్ని బాగుచేసుకుంటూ, కొత్త వెర్షన్లు తెస్తూ బతికిస్తున్నారు. పైసా ఖర్చు లేదు. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. నీ స్నేహితులందరి చేతా కొనిపించాల్సిన అవసరం లేకుండా ఆడగలిగే స్ట్రాటజీ ఆటల్లో ఇంత లోతున్నది మరొకటి చూపించమంటే నేను తడుముకోవాల్సిందే.

ఇందులో ట్యాంకు అంటే మూడు ముక్కలు. బాడీ, దాన్ని నడిపేది, పైన ఆయుధం. బాడీల్లో వైపర్, బగ్ తేలికవి. కోబ్రా, స్కార్పియన్ మధ్యరకం. పైథాన్, మాంటిస్ బరువైనవి. నడవడానికి చక్రాలు, ముందు చక్రాలూ వెనక ట్రాకులూ ఉండే హాఫ్‌ట్రాక్, ట్రాక్, నీళ్ళ మీద కూడా పోయే హోవర్, గాల్లో ఎగిరే వీటాల్. ఇక ఆయుధాల సంగతి చెప్పక్కర్లేదు, మెషిన్ గన్ దగ్గర మొదలై ఫిరంగులు, రాకెట్లు, మంట చిమ్మేవి, మోర్టార్లు దాటి లేజర్ల దాకా పోతుంది. వీటిని ఎలాగైనా కలుపుకోవచ్చు. కట్టడాలు కట్టే ట్రక్కు కూడా నువ్వు డిజైన్ చేసిందే అయివుంటుంది. చాలామంది దాన్ని మొదటి వైపర్ చక్రాల బండిగానే చివరిదాకా వదిలేస్తారు. హోవర్ దొరకగానే ట్రక్కుని దానిమీద పెట్టి చూడు. ఏటికి అవతల ఉన్న ఆయిల్ బావి దగ్గరికి ఎదుటివాడు చుట్టూ తిరిగి వచ్చేసరికి నువ్వు ఆయిల్ తోడే డెరిక్ కట్టేసి ఉంటావు.

సరే, ఇప్పుడు నీ పైథాన్ల దగ్గరికి వద్దాం. ప్రతి బాడీకీ ఒక ఇంజన్ శక్తి ఉంటుంది, పైన పెట్టిన ప్రతిదానికీ ఒక బరువు ఉంటుంది. తేలిక బాడీ మీద పెద్ద ఆయుధం పెడితే ఎడ్లబండికి లారీ సరుకు ఎక్కించినట్టే, అడుగు తీసి అడుగు వేయదు. నువ్వు బరువైన బాడీయే తీసుకున్నావు కాబట్టి ఆ ఇబ్బంది లేదనుకున్నావు. నీ ఇబ్బంది ధర. నువ్వు ఒక పైథాన్ ట్రాక్ ఫిరంగి బయటికి తెచ్చేలోపు ఎదుటివాడి ఫ్యాక్టరీ నుంచి సైబోర్గ్‌లు, అంటే సగం మనిషి సగం యంత్రంగా ఉండే కాలినడక సైనికులు, గుంపుగా వచ్చేస్తారు. వాళ్ళు నీ ఆయిల్ బావులు కూలుస్తుంటే నీ ట్రాకులు ఇంకా దారిలోనే ఉంటాయి. కూలిన చోట ఆయిల్ కాసేపు మండుతూ ఉంటుంది. ఆ మంట ఆరాక గానీ నీ ట్రక్కు మళ్ళీ పని మొదలుపెట్టలేదు. దెబ్బ ఒక్కటే, నష్టం రెండుసార్లు.

ఏ ఆయుధం దేనిమీద పనిచేస్తుందన్న లెక్క ఈ ఆటకి ప్రాణం. లాన్సర్ లాంటి ట్యాంకు వ్యతిరేక రాకెట్ ట్యాంకుని చీల్చేస్తుంది, అదే సైబోర్గ్‌ల గుంపు మీద వేస్తే దానికీ సిగ్గే, నీకూ సిగ్గే. మెషిన్ గన్ సైబోర్గ్‌లని దులిపేస్తుంది, ట్రాకుల ట్యాంకు ముందు తేలిపోతుంది. బంకర్ బస్టర్‌ని పేరులో చెప్పినట్టు బంకర్లు పగలగొట్టే పనికి తప్ప ఇంకే పనికీ వాడకు. ఫిరంగి అన్నిటి మీదా ఓ మాదిరిగా పనిచేస్తుంది. నువ్వు దాన్ని ఎందుకు ఎంచుకున్నావో అందుకే అర్థమైంది. కానీ ఎదుటివాడు నీ ఫిరంగుల్ని ఒకసారి చూశాడంటే వాడికి ఇక ఆలోచించే పని లేదు. నీవన్నీ ట్రాకుల ట్యాంకులే కాబట్టి వాడు లాన్సర్లు తప్ప ఇంకేమీ కట్టక్కర్లేదు. వాడి మీద నువ్వు పెట్టాల్సిన ఒత్తిడి అక్కడే పోయింది. నీ గుంపులో మూడోవంతు మెషిన్ గన్ హాఫ్‌ట్రాకులో సైబోర్గ్‌లో ఉండి ఉంటే వాడు రెండు రకాల జవాబులు వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. కవచం రెండు రకాలు. గుళ్ళని ఆపేది ఒకటి, వేడిని ఆపేది ఒకటి. కాంపోజిట్ అల్లాయ్స్ రీసెర్చ్ చేస్తూ పోయి కవచం పెరిగిందని నిశ్చింతగా ఉంటావు. ఎదుటివాడు మంట చిమ్మే ఫ్లేమర్లతో వచ్చేసరికి నీ పైథాన్లు నిలబడ్డచోటే మాడిపోతాయి. వేడి కవచం విడిగా రీసెర్చ్ చేసుకోవాలి. మొదటి ఫ్లేమర్ కనిపించగానే ఒక ల్యాబ్‌ని ఆ పనిమీద పెట్టెయ్. నాలుగోది కనిపించేదాకా ఆగకు.

చంటీ, నేను ఇంత దూరం రాసింది అసలు ఒక మాట కోసం. ఈ ఆటలో సైన్యాన్ని డిజైన్ స్క్రీన్‌లో తయారుచేస్తాం అనుకుంటాం గానీ అది తయారయ్యేది రీసెర్చ్ ల్యాబుల్లో. డిజైన్ స్క్రీన్‌లో నీకు కనిపించేవి నువ్వు పావుగంట కిందట తీసుకున్న నిర్ణయాల ఫలితాలు. మామూలు ఆటలో అయిదు ల్యాబులు కట్టుకోవచ్చు. అయిదింటినీ అయిదు ఆయుధాల వైపు తోలితే చివరికి నీ దగ్గర అయిదు అరకొర ఆయుధాలు ఉంటాయి. ఒక ఆయుధ కుటుంబం పట్టుకుని దెబ్బ పెంచేవి, వేగంగా కాల్చేవి వరసగా చేసుకుంటూ పో. అలా పూర్తిచేసిన ప్రతి మెరుగుదలా అప్పటికే మైదానంలో ఉన్న యూనిట్లకి కూడా వర్తిస్తుంది, కొత్తవి కట్టక్కర్లేదు. బాడీ మార్చాలంటే మాత్రం కొత్తది కట్టాల్సిందే. పాతదాన్ని రీసైకిల్‌కి పంపితే దాని యుద్ధానుభవం వృథా పోదు, తర్వాత కట్టినదానికి వస్తుంది. అందుకే బాగా అనుభవం ఉన్న పాత బండ్లని పోరులో చావనివ్వకు.

చావనివ్వకుండా ఉండటానికి చిన్న పని చాలు. ప్రతి యూనిట్‌కీ ఆజ్ఞల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో మధ్యరకం దెబ్బ తగిలితే రిపేర్‌కి వెనక్కి రమ్మని పెట్టు. బేస్‌లో కాకుండా పోరు జరిగే చోటికి కాస్త వెనకాల రిపేర్ ఫెసిలిటీ కట్టు. గుంపుతో పాటు, తోటి బండ్లని బాగుచేసే రిపేర్ టరెట్ పెట్టిన బండి ఒకటి నడిపించు. నీ పట్టికలో అలాంటిది ఒక్కటీ లేదు, దూరాన ఉన్న శత్రువుని చూసి మిగతావాటికి చూపించే సెన్సర్ బండీ లేదు. మోర్టార్లకి తమ కళ్ళతో చూసేదానికంటే చాలా దూరం కొట్టే శక్తి ఉంటుంది. సెన్సర్‌కి అప్పగిస్తేనే ఆ దూరం పనికొస్తుంది. ఎదుటివాడు కూడా మోర్టార్లు పెట్టాడా, వాటి చోటు పట్టిచ్చే కౌంటర్ బ్యాటరీ సెన్సర్ కట్టు. వాడు పేల్చగానే నీవి తిరిగి అక్కడికే పేలుస్తాయి. ఇంత పాత ఆటలో ఈ ఏర్పాటు ఇంత పకడ్బందీగా ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటే.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఇందులో ఉన్న సంపద ఒక్కటే, ఆయిల్. బావి ఎండిపోదు, కాబట్టి నేల ఎవడి చేతిలో ఉంటే ఆదాయం వాడిది. ఒక పవర్ జనరేటర్ నాలుగు డెరిక్‌లనే నడుపుతుంది. అయిదో డెరిక్ కట్టి రెండో జనరేటర్ మర్చిపోతే ఆ అయిదోది ఊరికే అలంకారానికి ఉన్నట్టు. కమాండ్ సెంటర్ కూడా త్వరగా కట్టెయ్, అది లేనిదే డిజైన్ చేసుకునే వీలు రాదు.

ఇక తిట్లు. అన్ని పక్షాలకీ ఒకటే టెక్నాలజీ చెట్టు, అంటే రీసెర్చ్‌తో దొరికేవన్నీ అందరికీ ఒకటే. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌లో మూడు జాతులకి మూడు స్వభావాలుంటాయి. ఎదుటివాడిది ఏ జాతో తెలిస్తే సగం యుద్ధం ముందే ఊహించొచ్చు. ఇక్కడ ఆ రుచి లేదు. పైగా అక్కడ ప్రతి యూనిట్‌నీ ఆకారం చూసి గుర్తుపడతాం, ఇక్కడ పైనుంచి చూస్తే అన్నీ బూడిదరంగు పెట్టెలే. దగ్గరకి జూమ్ చేస్తే గానీ పైనున్నది లాన్సరో ఫిరంగో తేలదు, అంతసేపు ఆగి చూసే తీరిక పోరులో ఎవడికీ ఉండదు. ముక్కలు కలుపుకునే స్వేచ్ఛకి కట్టాల్సిన సుంకం ఇదే అనుకుంటాను.

ఆ స్వేచ్ఛ కూడా కనిపించినంత లేదు. వేల కలయికలు సాధ్యమే గానీ, ఏ సమయంలో చూసినా నిజంగా పనికొచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొత్త బాడీ వచ్చిందంటే దాని తరగతిలో పాతదానికి సాధారణంగా సెలవే. అంతకంటే చిత్రం, అందరూ ఎక్కువగా కట్టే సైబోర్గ్‌లని ముక్కలుగా మార్చుకునే వీలే లేదు, అవి తయారుగానే వస్తాయి. సైన్యాన్ని నీ ఇష్టప్రకారం చేసుకోమనే ఆటలో ఇదేం పద్ధతో నాకు అర్థం కాదు.

బండ్లు దారి వెతుక్కునే తీరు మరో తలనొప్పి. ఇరుకు దారిలో పెద్ద గుంపుని పంపితే ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుంటాయి. హోవర్లని, ట్రాకుల్ని కలిపి ఒకేసారి పంపావంటే హోవర్లు ముందెళ్ళి చచ్చాక ట్రాకులు నింపాదిగా వస్తాయి. ఒక గుంపులో నడక వేగం ఒకేలా ఉన్నవే పెట్టుకో. ఇక ఆట ముదిరేకొద్దీ రెండువైపులా కోటలు, ఫిరంగి దళాలు పేరుకుపోయి ఎవడూ కదలని స్థితి వస్తుంటుంది. అలాంటప్పుడు వీటాల్‌లు పనికొస్తాయి గానీ వాటి గుళ్ళు కొన్నే, అయిపోగానే మళ్ళీ నింపుకోవడానికి ప్యాడ్ దగ్గరికి తిరిగి రావాలి. ప్యాడ్లు తక్కువ కట్టి విమానాలు ఎక్కువ కడితే అవి వరసలో నిలబడి ఉంటాయి, యుద్ధం మాత్రం అవి లేకుండానే సాగుతుంది.

కథ ఉన్న క్యాంపెయిన్ ఆడమంటావా అని కూడా అడిగావు. ఆడు, కానీ దాని మిషన్లకి గడియారం ఉంటుందని గుర్తుంచుకో. బేస్ అందంగా కట్టుకుంటూ కూర్చుంటే టైము అయిపోతుంది. దూరపు మిషన్లకి ట్రాన్స్‌పోర్ట్ విమానంలో పది యూనిట్లే పడతాయి. నీ డిజైన్ బుర్రకి అసలు పరీక్ష అక్కడే. పదింటిలో ఎన్ని రిపేర్ బండ్లు, ఎన్ని ట్రక్కులు, ఎన్ని పోరాడేవి అని లెక్కేసుకోవాలి. ఒక మిషన్‌లో బతికినవే తర్వాత మిషన్లకీ నీతో వస్తాయి కాబట్టి ఒక్కొక్కదాని మీదా మమకారం పుడుతుంది.

ఇవన్నీ విన్నాక వేరే ఆట చూద్దామనిపిస్తే, తేడా ఎక్కడుందో తెలుసుకుని చూడు. 2003లో వచ్చిన ఇంపాసిబుల్ క్రీచర్స్‌లో రెండేసి జంతువుల్ని కలిపి కొత్త జీవాల్ని తయారుచేస్తావు. కానీ యుద్ధానికి తొమ్మిది రకాలే తీసుకెళ్ళాలి, అవీ ముందే నిర్ణయించుకోవాలి. 2017 నాటి టూత్ అండ్ టెయిల్‌లో కూడా అంతే, పోరు మొదలవకముందే ఆరు రకాలు ఎంచుకోవాలి. వాటిలో తెలివంతా యుద్ధానికి ముందు ఖర్చవుతుంది. వార్‌జోన్‌లో యుద్ధం మధ్యలో ఎదుటివాణ్ణి చూసి సైన్యాన్ని మార్చుకోవచ్చు. నువ్వు ఒకసారి డిజైన్ చేసి దాన్నే పట్టుకు వేలాడే రకానివైతే ఆ రెండే నీకు సరిపోతాయి. కోప్పడకు, ఆ రకం ఆటగాళ్ళలో మంచివాళ్ళున్నారు.

వచ్చే ఆటకి ఇలా చెయ్. మొదటి పది నిమిషాలు పైథాన్ పేరెత్తకు. ట్రక్కులు పెంచి ఆయిల్ పట్టు, ల్యాబులు కట్టు, చవక మెషిన్ గన్ బండ్లతో బావులు కాపాడుకో. ఒక్క బండిని ఎదుటివాడి వైపు పంపి వాడు ఏం కడుతున్నాడో చూడు, అది చచ్చిపోయినా ఫరవాలేదు. వాడివి ఎక్కువగా ట్యాంకులైతే రాకెట్ల వైపు, సైబోర్గ్‌లైతే మెషిన్ గన్ల వైపు, లేదా నీకు ధైర్యం ఉంటే మంటల వైపు రీసెర్చ్ తిప్పు. బరువు బాడీలు వచ్చాక కూడా హాఫ్‌ట్రాక్ మీదే కొన్ని ఉంచు.

మళ్ళీ ఓడిపోతే డిజైన్ల పట్టిక పంపకు. పదో నిమిషానికి నీ చేతిలో ఎన్ని డెరిక్‌లున్నాయో, ఏ ల్యాబ్ ఏం చేస్తోందో, వాడి మొదటి ఫ్లేమర్‌నో లాన్సర్‌నో ఎప్పుడు చూశావో అది రాసి పంపు.

ఇట్లు,
మామయ్య