మార్స్ సంగతి సరే, వాయేజర్ రిపేరు చూశారా?

"రోబో నౌకల నుంచి ఈమధ్య వచ్చిన వార్తల్లో అన్నిటికంటే పెద్దది ఏది? మార్స్ మీద జీవం ఆనవాళ్లేనా?" అని మీరడిగారు.

కాదండీ. నన్నడిగితే అసలు వార్త 2024 ఏప్రిల్‌లో వచ్చింది, రెండు రోజులు కనబడి మాయమైపోయింది. నాసా వాళ్ల వాయేజర్ 1 నౌక మళ్లీ అర్థమయ్యేలా మాట్లాడుతోందన్న వార్త.

నాది పక్షపాతమే, ఒప్పుకుంటాను. పదిహేడేళ్లుగా నా ఉద్యోగం పాత సాఫ్ట్‌వేర్ పడిపోకుండా చూసుకోవడం. కొత్త ప్రాజెక్టు వాళ్లకి ఫోటోలు, చప్పట్లు. రాసినాయన ఎప్పుడో రిటైరైపోయి, ఒక్క కాగితం కూడా మిగలని కోడ్ మాకు. పడిపోతే తిట్లు. పడిపోకపోతే "అసలు వీళ్లు రోజంతా ఏం చేస్తుంటారు?" అనే ప్రశ్న.

ఆ ఏడాది మార్చిలోనే నేను పనిచేసే చోట ఓ పాత సర్వర్ డిస్కులో కొంత భాగం చెడిపోయింది. ప్రతి రాత్రీ లెక్కలు తేల్చే ప్రోగ్రామ్ సరిగ్గా అక్కడే ఉంది. తీసి ఇంకో చోట పెడితే సరిపోతుందనుకున్నాను. తీరా పెట్టాక చూస్తే, ఆ ప్రోగ్రామ్ ఫలానా చోట ఉందని మిగతా కోడ్‌లో ఎక్కడపడితే అక్కడ రాసిపెట్టి ఉంది. వెతికి వెతికి పది చోట్ల మార్చాను. రాత్రి పన్నెండున్నరకు "అంతా బాగుంది" అని మెయిల్ పెట్టి పడుకున్నాను. పదకొండో చోటు తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేయించి మరీ లేపింది. పరుగెత్తుకెళ్లాను. ఆ టెన్షన్‌లో కూడా నాకు ఒక ధైర్యం ఉంది, సర్వర్ ఎదురుగానే ఉంది. ఆపి మళ్లీ ఆన్ చేయొచ్చు. చేశాను కూడా, మూడుసార్లు.

ఇప్పుడు వాయేజర్ సంగతి. 1977లో బయల్దేరిన నౌక. 2023 నవంబరులో అది పంపే సమాచారం అర్థం లేకుండా పోయింది. ఒకట్లు, సున్నాలు ఒకే వరుసలో తిరిగి తిరిగి వస్తున్నాయి. నౌక బతికే ఉంది, చెప్పింది వింటోంది, మాట మాత్రం పోయింది. 2024 మార్చి 1న ఇంజనీర్లు దాన్ని కాస్త గిల్లి చూశారు. చెడిన భాగం ఏదైనా ఉంటే దాన్ని తప్పించుకుని వేరే దారిలో వెళ్లి చూడమని ఒక కమాండ్. మార్చి 3న వచ్చిన సిగ్నల్ కొంచెం తేడాగా ఉంది. దూరపు నౌకలతో మాట్లాడే నాసా యాంటెన్నాల వ్యవస్థ డీప్ స్పేస్ నెట్‌వర్క్‌లో పనిచేసే ఒక ఇంజనీరు దాన్ని విప్పి చూస్తే, అందులో నౌకలో సమాచారం సర్దే కంప్యూటర్ మెమరీ మొత్తం ఉంది! పాత కాపీ పక్కన పెట్టుకుని పోల్చారు. తప్పు దొరికింది. ఒక చిప్ పోయింది, దాంతో మెమరీలో 3 శాతం దాకా పాడైంది.

చిప్ మార్చడం కుదరదు, నౌక 2,400 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. అందులోని కోడ్‌ను వేరే చోటికి తరలించాలి. అంత కోడ్ పట్టే ఖాళీ ఏ ఒక్క చోటా లేదు. అందుకని ముక్కలు చేసి, ఖాళీ దొరికిన మూలల్లో సర్దారు. ఆ ముక్కలు కలిసి పనిచేయాలంటే, వాటి పాత చిరునామా ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా మార్చాలి. నా పదకొండో చోటు గుర్తుందా? ఈ లైను చదివినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి.

ఏప్రిల్ 18న కమాండ్ పంపారు. చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్లీ ఇరవై రెండున్నర. నేనైతే పేజీ తెరుచుకోవడానికి ఐదు సెకన్లు పడితే రిఫ్రెష్ కొట్టే రకాన్ని. 20న జవాబొచ్చింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి నౌక తన ఆరోగ్యం గురించి తెలిసేలా చెప్పింది. ఆ రోజు తీసిన ఫోటో ఒకటి ఉంది. ఒక మీటింగ్ రూము, బల్ల చుట్టూ కూర్చుని సంబరపడుతున్న మనుషులు. రాకెట్ లేదు, మంటలు లేవు. నేను దాన్ని డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను. మా మేనేజర్ చూసి "ఎవరు వీళ్లు, మన క్లయింట్లా?" అన్నాడు.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. ల్యాండింగ్ అయితే లైవ్ పెడతారు. వాయేజర్ తడబడితే మాత్రం "గ్రహాంతరవాసుల సిగ్నల్" అని ఎర్ర బాణం గుర్తేసి వీడియో వదులుతారు. 2023 సెప్టెంబరులో బెన్నూ గ్రహశకలం మట్టి భూమికి వచ్చింది కదా, ఆ పెట్టె మూత జనవరి దాకా రాలేదన్న సంగతి ఎంతమందికి తెలుసు? 35 బిగింపుల్లో రెండు మొరాయించాయి. లోపలి మట్టికి ఏదీ అంటకూడదు కాబట్టి, ఆ రెండిటికోసమే ప్రత్యేకంగా పనిముట్లు తయారుచేసి విప్పారు. చివరికి దక్కింది 121.6 గ్రాములు. అందులో జీవానికి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు దొరికాయన్నది పెద్ద హెడ్డింగ్ అయింది. మూత విప్పినవాళ్ల గురించి రెండు లైన్లు కూడా లేవు.

ఇన్‌సైట్ ల్యాండర్ అయితే ఇంకా విచిత్రం. మార్స్ మీద సోలార్ ప్యానెళ్లకు దుమ్ము పట్టేస్తే, 2021లో దాని చేత్తోనే ఇంకాస్త ఇసుక తీయించి ప్యానెల్ పక్కన జారవిడిపించారు. ఆ ఇసుక గాలికి ఎగిరి ప్యానెల్ మీద గెంతుతూ కొంత దుమ్మును ఊడ్చుకుపోయింది. దుమ్ముకు మందు ఇసుక! మా ఆఫీసులో ఈ ఐడియా చెప్పి ఉంటే నన్ను సెలవు పెట్టి ఇంటికెళ్లమనేవాళ్లు.

సరే, మీ అసలు ప్రశ్న. మార్స్ మీద తిరిగే పర్సివరెన్స్ రోవర్ 2024 జులైలో చెయావా ఫాల్స్ అనే రాయిని తొలిచింది. దాని మీద చిరుత మచ్చల్లాంటివి ఉన్నాయి. ఆ మచ్చల్లో కనిపించిన ఇనుము ఖనిజాల్లాంటివి భూమి మీద సూక్ష్మజీవుల వల్ల ఏర్పడుతుంటాయి, అవి లేకుండానూ ఏర్పడవచ్చు. 2025 సెప్టెంబరులో వచ్చిన పరిశోధనా పత్రంలో కూడా "ఉండవచ్చు" అన్నారు తప్ప "ఉంది" అనలేదు. హెడ్డింగుల్లో మాత్రం ఆ "వచ్చు" ఎగిరిపోయింది. తేలాలంటే ఆ రాతి ముక్క భూమి మీది ల్యాబులకు రావాలి. అది ఇంకా రోవర్ దగ్గర గొట్టంలోనే ఉంది. తెచ్చే రోజున మూత విప్పే పనిముట్లు మాత్రం ముందే సిద్ధం చేసుకోమనండి.