నవ్విన తర్వాత తమ్ముణ్ణి ఎందుకు లేపావు?

ప్రొద్దుటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

అనంతపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. తక్కువ డబ్బుతో తీసిన పాత దయ్యాల సినిమాల మీద నీకున్న ఇష్టాన్ని చెప్పబోయి, ఆ ఇష్టాన్ని దాచుకోవడానికే ఎక్కువ కాగితం ఖర్చు చేశావు. వాక్యం నీ మాట వింటోంది, అంతవరకు సంతోషం. నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.

నాకు చిరాకు కలిగించినది నీ నవ్వు. రబ్బరు ముసుగు అతుకు మెడ దగ్గర కనిపించిందని నవ్వావు. రాతిగోడ కాస్తా అట్టగోడ అని తెలిసిపోయిందని, దయ్యం గోళ్లలో ఒకటి ఊడి వేలాడిందని, రక్తం సిరాలా ఉందని పుటలకు పుటలు నవ్వావు. ఎంత నాసిరకంగా ఉంటే అంత మజా అని ఒక సిద్ధాంతం కూడా లేవదీశావు. ఇంతలో, చివరి పుటకు ముందు పుటలో, ఒక చిన్న వాక్యం జారవిడిచావు: ఆ రాత్రి కరెంటు పోతే పెరట్లోకి వెళ్లడానికి తమ్ముణ్ణి నిద్రలేపి వెంట తీసుకుపోయావట. అలా రాసి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు, వెంటనే మరో హాస్యోక్తి వేసి దాన్ని కప్పేశావు. అంతగా నవ్విన మనిషికి తోడెందుకు కావలసి వచ్చింది? నీ వ్యాసం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. తక్కిన పుటలు దాని మీద పోసిన మన్ను.

నాకు ఒక నమ్మకం ఉంది, ఎవరు కాదన్నా దాన్ని వదలను. ఆ సినిమాలలో భయం పుట్టినది డబ్బు అయిపోయిన చోటనే. 1942లో హాలీవుడ్‌లోని ఆర్‌కేవో సంస్థ, వాల్ ల్యూటన్ అనే నిర్మాత చేతికి 'క్యాట్ పీపుల్' అనే పేరును, కొద్దిపాటి సొమ్మును ఇచ్చి సినిమా తీయమన్నది. అప్పటికి కథ లేదు, పేరు మాత్రమే ఉంది. ఆయనా, దర్శకుడు జాక్ టూర్నర్ కలిసి మృగాన్ని వీలైనంతవరకు నీడలోకి నెట్టారు. రాత్రి వేళ ఒక స్త్రీ నిర్జనమైన వీధిలో నడుస్తూ ఉంటుంది. వెనక మరొక స్త్రీ చెప్పుల మడమల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి ఆ రెండో చప్పుడు ఆగిపోతుంది. సంగీతం లేదు. ముందు నడిచే మనిషి వేగం పెంచుతుంది, వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవరూ కనిపించరు. అప్పుడు మృగం బుసకొట్టినట్టు ఒక శబ్దం చెవిలో పడి మనం ఉలిక్కిపడేసరికి, తెర మీదికి దూసుకువచ్చి ఆగేది బస్సు. ఒక వీధి, రెండు జతల అడుగులు, ఒక బస్సు: ఖర్చు అంతే. ఎనభై ఏళ్లు దాటినా ఆ ఉపాయాన్ని వాడుకోని దర్శకుడు అరుదు.

'కార్నివాల్ ఆఫ్ సోల్స్' గురించి నువ్వు రెండు వాక్యాలు రాసి, నటులు బొమ్మల్లా ఉన్నారని తేల్చేశావు. దాన్ని 1962లో తెర మీదికి తెచ్చిన హెర్క్ హార్వీ కాన్సస్ రాష్ట్రంలో పారిశ్రామిక చిత్రాలు, విద్యా చిత్రాలు తీసే ఉద్యోగి. ఉటా రాష్ట్రంలో ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడిన సాల్టేర్ అనే వినోదశాలను దారిలో చూసి, దాని కోసమే కథ కట్టించి, సెలవు పెట్టుకుని, సుమారు 33 వేల డాలర్లతో సినిమా పూర్తి చేశాడు. నాయికను వెంటాడే పాలిపోయిన ముఖం కూడా ఆయనదే, ఎందుకంటే ఆ వేషానికి జీతం ఇవ్వనక్కరలేదు. ఆ తర్వాత ఆయన మరో కథాచిత్రం తీయలేదు. అందులో నాయిక బట్టల దుకాణంలో ఒక గౌను తొడిగి చూసుకుని గది బయటికి వచ్చే ఘట్టం ఉంది. బయటికి రాగానే లోకంలోని శబ్దమంతా పోతుంది. ఆమె మాట్లాడితే దుకాణం మనిషి పలకదు. వీధిలో జనం ఆమెను చూడకుండానే పక్కనుంచి నడిచిపోతారు. చివరికి ఉద్యానవనంలో ఒక చెట్టును ఆనుకుని నిలబడినప్పుడు పిట్ట కూస్తుంది, దానితో లోకం తిరిగి వస్తుంది. శబ్దాన్ని తీసివేయడానికి పైసా ఖర్చు లేదు. ఆ ఘట్టాన్ని చూసి కూడా నీకు నటుల ముఖాలే గుర్తున్నాయంటే, నవ్వడానికి సిద్ధపడి కూర్చున్నావని అర్థం.

రక్తం సిరాలా ఉందన్నావు. 1968లో విడుదలైన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'ను పిట్స్‌బర్గ్ పరిసరాలలో జార్జ్ రొమేరో, ఆయన మిత్రులు తీసినప్పుడు రక్తంగా వాడినది చాక్లెట్ సిరప్పు. నలుపు తెలుపులో తీస్తున్నారు కనుక అది సరిపోయింది. వాణిజ్య ప్రకటనలు తీసి బతికే బృందం అది. విడుదలకు ముందు సినిమా పేరు మార్చినప్పుడు కాపీరైటు ప్రకటన తెర మీది నుంచి జారిపోయింది, అందువల్ల అమెరికాలో ఎవరు పడితే వారు ప్రింట్లు వేసుకున్నారు. తీసినవారి చేతికి రావలసిన డబ్బు ఎటో పోయింది కానీ సినిమా ఊరూరా తిరిగింది. నీ సెల్‌ఫోనులో నువ్వు ఉచితంగా చూడగలిగినది వారి ఆ నష్టం పుణ్యమే; ఇది తెలిశాక కూడా నవ్వగలిగితే నవ్వు.

అమెరికా వరకు పోనక్కరలేదు. మన విఠలాచార్య 1978లో 'జగన్మోహిని'లో దయ్యం చేత వంట చేయించారు. పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లనే పెట్టి అది తాపీగా వండుతుంది. ఆ కాళ్లు నకిలీవని చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. అయినా వంటిల్లు అంటే మనకు ఎంతో పరిచయమైన చోటు, కోడలు పొయ్యి ముందు కూర్చోవడం రోజూ చూసే దృశ్యం. ఆ పరిచయంలోకి ఆ కాళ్లు వచ్చి చేరాయి కనుకనే మా ఆడవాళ్లు ఆ ఘట్టాన్ని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. జబ్బు పడిన మనిషి కలలో కనిపించవలసిన దృశ్యాన్ని పగటి వెలుగులో, వంటింట్లో పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఒకసారి ఆలోచించు.

ఇక రామ్సే సోదరులు. 1970లో వారి కుటుంబం తీసిన ఒక హిందీ చిత్రం దెబ్బతిన్నది. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ వికృత వేషంతో దొంగతనానికి దిగే ఘట్టానికి మాత్రం జనం జడుసుకోవడం అన్నదమ్ములు గమనించి, అదే దారి పట్టారు. ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు రచన అని పనులు ఇంట్లోనే పంచుకుని 1972 నుంచి వరుసగా భయపెట్టారు. 1984 నాటి 'పురానా మందిర్'ను నేను కడపలో రెండో ఆటకు, నేల టికెట్టు మీద చూశాను. షోలేకు పేరడీగా అందులో అతికించిన హాస్యపు ఉపకథ భరించలేనిది, పాటలు అనవసరం. వాటిని సమర్థించమని నన్ను అడగకు. కానీ తల ఒకచోట దాచి, మొండెం మరొకచోట పాతిపెట్టిన సామ్రీ అనే రాక్షసుడు లేచే వేళకు, అంతవరకు సోడా సీసాల మీద టకటకమని వాయిస్తూ బెంచీల మధ్య తిరుగుతున్న కుర్రవాడు వాయించడం మానేసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆట అయిన తర్వాత, లోపల అందరికంటే గట్టిగా ఈలలు వేసినవారు రోడ్డు మధ్యలో గుంపుగా నడిచిపోయారు. నేను ప్రొద్దుటూరు బస్సు దొరకక బస్టాండులోనే తెల్లవార్చాను, దీపం కింది బెంచీ ఎంచుకుని. నువ్వు తమ్ముణ్ణి లేపినట్టే అనుకో.

ఆ ఊపులో ఒక దయ్యం కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. పెన్న ఒడ్డున ఒక దిగుడుబావి, అందులో ఒక ఆడదయ్యం. దయ్యం స్థానంలో వడ్డీ వ్యాపారిని పెడితే వేసుకుంటామని, సీమ నుంచి తమకు కరువు కథలో, కక్షల కథలో కావాలని సంపాదకుడు తిప్పి పంపాడు. నా బావి నిండుగా ఉండడం కూడా ఆయనకు అభ్యంతరమే; ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం గీశాడు. కరువు నాకు ఆయన కంటే బాగా తెలుసు, దాని మీద నేను రాశాను కూడా. కానీ మన జిల్లాలవాడికి భయపడే హక్కు, భయాన్ని సరదాగా అనుభవించే హక్కు లేదనడం ఏమి న్యాయం? ఇప్పటి విమర్శకుల ధోరణి ఇంకొక రకం. శవాలు లేచి నడిస్తే అది వినిమయ సంస్కృతి అంటారు, పాడుబడిన కోట కనిపిస్తే అణగారిన జ్ఞాపకం అంటారు. నీ వ్యాసం రెండో భాగంలో ఆ పోకడ కూడా తొంగిచూసింది. ఎగతాళి చేసేవాడూ, అర్థాలు లాగేవాడూ ఇద్దరూ తెరకు దూరంగానే కూర్చుంటారు. భయపడ్డానని ఒప్పుకోకుండా ఉండడానికి చదువుకున్నవాళ్లు వెతుక్కున్న దారులివి.

వ్యాసం మళ్లీ రాయి. సిద్ధాంతం ఉన్న పుటలు తీసివేయి. ఒక్క సినిమా తీసుకో, అందులో నిన్ను పట్టుకున్న ఒక్క ఘట్టం తీసుకో. కెమెరా ఎక్కడ ఉంది, వెలుతురు ఏ పక్కనుంచి పడింది, శబ్దం ఎప్పుడు ఆగింది, నువ్వు దేన్ని చూస్తాననుకుని దేన్ని చూశావు, ఇవన్నీ రెండోసారి చూస్తూ కాగితం మీద పెట్టుకో. ముసుగు అతుకు కనిపిస్తే దాన్నీ రాయి, నవ్వు వస్తే నవ్వు. కానీ అతుకు కనిపించిన తర్వాత కూడా నీ ఒళ్లు ఎందుకు జలదరించిందో చెప్పకుండా పేరా ముగించకు. పెరడు ఇంటికి ఎంత దూరంలో ఉంది, తమ్ముడు ఏమని విసుక్కున్నాడు, నువ్వు వాడికి ఏ సాకు చెప్పావు, ఇవి వ్యాసం మొదట్లోనే రావాలి.

దసరా లోపల పంపితే చదువుతాను. ఆ తర్వాత కంటి ఆపరేషను పెట్టుకున్నాను. టైపు చేయించేటట్లయితే అక్షరం పెద్దదిగా పెట్టించు.