విదేశంలో సీనియర్ దంపతుల మిషన్: రోజంతా ఏం పని ఉంటుంది?

మీరు అడిగింది ఇదే కదా: ఇద్దరూ రిటైరయ్యారు, పిల్లలు స్థిరపడ్డారు, సీనియర్ మిషన్ (రిటైరైన దంపతులు సంఘం తరఫున కొన్నాళ్ళు వెళ్ళి చేసే సేవ) సంగతి ఆలోచించమని మీ స్థానిక సంఘాన్ని చూసుకునే బిషప్ గారు అంటున్నారు. ఈ వయసులో పరాయి దేశంలో ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టాలా, కుర్ర మిషనరీలతో సమానంగా పరుగెత్తాలా, అసలు పొద్దుట లేచింది మొదలు ఏం చేస్తారు అని. నేనూ మా ఆవిడా యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము తరఫున అలా వెళ్ళి సేవ చేసి వచ్చినవాళ్ళమే. చూసింది చూసినట్టు చెబుతాను.

తలుపులు తట్టక్కర్లేదు. ఎల్డర్లకు, సిస్టర్లకు (కుర్ర మిషనరీ అబ్బాయిలను, అమ్మాయిలను అలా పిలుస్తాం) మామూలుగా ఉదయం 6:30కి లేవడం, రాత్రి 10:30కి పడుకోవడం అని కట్టుదిట్టమైన దినచర్య ఉంటుంది. అది సీనియర్లకు వర్తించదు. పాఠాలు బట్టీ పట్టే పనీ లేదు. మీ ఓపికను బట్టి, మీకిచ్చిన బాధ్యతను బట్టి రోజు నడుస్తుంది. బాధ్యతలు కూడా రకరకాలు: మిషన్ ఆఫీసు (ఒక ప్రాంతంలోని మిషనరీలందరి పనులు చూసే ఆఫీసు), మానవతా సహాయం, మా సంఘ దేవాలయాల్లో సేవ, కుటుంబ చరిత్ర రికార్డులు, చిన్న బ్రాంచీలకు, అంటే కొద్దిమంది సభ్యులుండే స్థానిక సంఘాలకు, తోడుగా ఉండటం. మాకు ఆఫీసు పడింది. ఇళ్ళూ కార్లూ నాకు, వీసా కాగితాలూ ఉత్తరాలూ మా ఆవిడకు.

ఇళ్ళంటే మిషనరీలు ఉండే అద్దె ఇళ్ళు. కొత్త ఇల్లు వెతకడం, ఓనరుతో ఒప్పందం రాయించుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, గీజరు పాడైతే మనిషిని పంపడం అన్నీ నావే. వీటన్నిటికన్నా తనిఖీకి ఎక్కువ సమయం పట్టేది. వెళ్ళగానే ముందు పొగ అలారం నొక్కి చూసేవాణ్ణి, తర్వాత గ్యాస్ ట్యూబు, వంటింటి సింకు కింద తడి, కిటికీ గొళ్ళాలు. మా ఆవిడ మాత్రం తిన్నగా ఫ్రిజ్ తలుపు తీసేది. పిల్లలు సరిగ్గా తింటున్నారో లేదో అక్కడే తెలిసిపోతుందని ఆమె లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఖాళీ ఫ్రిజ్ కనిపించిన ఇంట్లో ఎవరో ఒకరు దిగులుగా ఉండేవారు.

మీ ప్రశ్నకు నా అసలు జవాబు కూడా ఇక్కడే ఉంది. సీనియర్ దంపతుల సేవలో ఎక్కువ భాగం ఈ 18, 19 ఏళ్ళ పిల్లలకు ఇంటి పెద్దలుగా ఉండటమే. మిషన్ ప్రెసిడెంటు గారికీ ఆయన భార్యకూ మిషన్ మొత్తం చూసుకునే బరువు ఉంటుంది. ప్రతి పిల్లవాడి దగ్గరా కూర్చునే తీరిక వాళ్ళకు దొరకదు, మనకు దొరుకుతుంది. ఒకసారి ఒక ఎల్డర్ చొక్కా గుండీలు ఊడాయని ఆఫీసుకొచ్చాడు. మా ఆవిడ సూదిలో దారం ఎక్కించి అతని చేతికే ఇచ్చి, ఎలా కుట్టాలో చెబుతూ పక్కన కూర్చుంది. రెండో గుండీ దగ్గరికొచ్చేసరికి, ఊళ్ళో వాళ్ళ నాన్నకు ఆపరేషన్ అన్న మాట బయటపడింది. 2019 నుంచి వీళ్ళు వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. అయినా అమ్మ కంగారుపడుతుందని ఫోన్‌లో దాచుకున్నవి ఎన్నో ఉంటాయి. అవి చెప్పుకోవడానికి ఒక మనిషి ఎదురుగా ఉండాలి. నా దృష్టిలో ఇది ఏ బోధకూ తీసిపోదు.

మామూలుగా ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు, అంటే మిషనరీలను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడం. ఆ వారం మాత్రం ఊపిరి సలపదు. ఎవరు ఎక్కడికి, ఏ బస్సులో, కొత్తగా వచ్చేవాళ్ళను విమానాశ్రయంలో ఎవరు కలవాలి, ఇంటికెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయి అని ఒకటే ఫోన్లు. ఆదివారం సంస్కార కూడికకు వెళ్ళేవాళ్ళం, అడిగితే ప్రసంగించేవాళ్ళం. వారంలో ఒక రోజు బట్టలకూ బజారుకూ సరిపోయేది.

మానవతా సేవకు వెళ్ళిన దంపతుల రోజు వేరేలా ఉంటుంది. మంచినీరు, చక్రాల కుర్చీలు, అప్పుడే పుట్టిన బిడ్డ ఊపిరి నిలబెట్టడంలో నర్సులకు శిక్షణ, ఇలాంటి పనులకు స్థానిక సంస్థలను వెతికి, ప్రతిపాదన రాసి, ఆమోదం వచ్చాక పని పూర్తయ్యేదాకా వెంట ఉండాలి. ప్రయాణాలు ఎక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇక ఇద్దరి సంగతి. ఉద్యోగాల్లో ఉన్నన్నాళ్ళూ పగలు ఎవరి లోకం వాళ్ళది. అక్కడ ఒకే గది, ఒకే కారు, ఎదురెదురు బల్లలు. మొదటి నెలల్లో మా ఇద్దరికీ చిన్నచిన్న వాటికే మాటా మాటా వచ్చేది. మధ్యాహ్నం ఒక గంట ఎవరికి వాళ్ళం ఉందామని అనుకున్నాం. నేను చదువుకునే వేళకు తను పలకరించదు, తను నడకకు వెళ్తే నేను ఫోన్ చేయకూడదు అని మా ఆవిడే షరతు పెట్టింది. ఆ తర్వాత సర్దుకుంది. మీరు బయల్దేరకముందే ఇలాంటిదేదో మాట్లాడుకోండి.

మనవల కోసం బెంగ ఉంటుంది, లేదని చెప్పను. కానీ 2011లో నిబంధనలు సడలించారు. 6, 12, 18, 23 నెలల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. ఇంట్లో పెళ్ళో పురుడో ఉంటే అనుమతి తీసుకుని, సొంత ఖర్చుతో కొద్దిరోజులు వచ్చి వెళ్ళొచ్చు. కుర్ర మిషనరీలకు ఆ వెసులుబాటు లేదు. మన ఖర్చు మనమే పెట్టుకోవాలి కాబట్టి పింఛను, అద్దె, ఆరోగ్య బీమా లెక్క ముందే వేసుకోండి. బీమా విదేశంలో చెల్లుతుందో లేదో కంపెనీని అడిగి కాగితం మీద రాయించుకోండి. అమెరికా మెడికేర్ లాంటివి దేశం దాటితే దాదాపు పనికిరావు.

దరఖాస్తులో మీకు ఎలాంటి సేవ, ఎలాంటి చోటు ఇష్టమో చెప్పుకునే వీలుంది. తుది నిర్ణయం సంఘ నాయకులదే అయినా, మొహమాటపడి ఆ భాగం ఖాళీగా వదలకండి. ఆరోగ్యం దగ్గర కూడా అంతే. మోకాళ్ళ నొప్పులుంటే ఉన్నాయనే రాయండి, బీపీ మాత్రల అసలు మందు పేరు, మోతాదు డాక్టరుతో రాయించండి. వాటిని చూసే మెట్లు తక్కువున్న ఇల్లు, ఆసుపత్రి దగ్గరున్న ఊరు చూసి పంపుతారు.