జర్మనీలో స్టూడెంట్లకు టూ గుడ్ టు గో ఆప్‌తో నిజంగా డబ్బు మిగులుతుందా? శాకాహారులకు పనికొస్తుందా?

మిగులుతుంది, కానీ ఏ బ్యాగు కొంటారన్న దాన్ని బట్టే. బెర్లిన్‌లో మాస్టర్స్ చేసిన రోజుల్లో నేను బాగానే వాడాను.

తెలియనివాళ్ల కోసం: ఇది 2015లో డెన్మార్క్‌లో మొదలైన కంపెనీ. బేకరీలు, హోటళ్లు, సూపర్ మార్కెట్లు ఆ రోజు అమ్ముడుపోని సరుకును సంచిలో పెట్టి, మామూలు ధరలో దాదాపు మూడో వంతుకు ఇస్తాయి. డబ్బు ఆప్‌లోనే కట్టి, వాళ్లు చెప్పిన టైమ్‌కి వెళ్లి తెచ్చుకోవాలి. లోపల ఏముందో ముందు చెప్పరు.

చిక్కంతా అక్కడే. బేకరీ బ్యాగులు తేలిగ్గా దొరుకుతాయి. నాలుగైదు యూరోలకు బోలెడు వస్తుంది కూడా. కానీ రాత్రికి అన్నం వండుకునే మనకు అంత బ్రెడ్డు దేనికి? బ్రెడ్ ఉప్మా అయినా ఎన్నిసార్లని తింటాం! రూమ్మేట్లతో పంచుకునేటట్టయితేనే కొనండి, మిగిలింది ముక్కలు కోసి ఫ్రీజర్లో పడేయండి. శాకాహారులు ఆప్‌లో వెజిటేరియన్ ఫిల్టర్ పెట్టుకునే వెతకాలి. అది పెట్టినా కౌంటర్ దగ్గర 'ఓనే ఫ్లైష్ బిట్టె' (మాంసం లేకుండా ఇవ్వండి) అని ఒక మాట అనండి. షింకెన్, స్పెక్ అని కనిపిస్తే రెండూ సాధారణంగా పంది మాంసమే. గమ్మీ మిఠాయిలు వస్తే జెలటిన్ ఉందేమో లేబుల్ చూసుకోండి.

నా ఓటు మాత్రం కూరగాయల బ్యాగుకే. మెత్తబడిన టమాటాలు పచ్చడికి ఇంకా మంచివి, క్యాప్సికం ముడతలు పడితే కూరకేం తేడా రాదు. అందుకే వీటికి పోటీ ఎక్కువ. ఇంటికి దగ్గర్లో ఉన్న దుకాణాలను ఫేవరెట్స్‌లో పెట్టుకుని చూస్తూ ఉండండి. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు కాబట్టి శనివారం సాయంత్రం ప్రయత్నించండి. సొంత డబ్బా పట్టుకెళ్లగలిగితే హోటల్ బ్రేక్‌ఫస్ట్ బఫేలు కూడా గిట్టుబాటే.

వెళ్లడం కుదరకపోతే పికప్ టైమ్‌కి రెండు గంటల ముందు వరకు క్యాన్సిల్ చేయొచ్చు. సంచి చేతికొచ్చాకే, తీసుకున్నట్టు ఫోన్‌లో స్వైప్ చేయాలి. ఒక బేకరీ వాళ్లు నాకు రాళ్లలాంటి బన్నులు ఇచ్చారు. ఫొటో తీసి ఆప్‌లో ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కొచ్చింది.

తేదీల దగ్గర టెన్షన్ పడకండి. 'మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ బిస్' (కనీసం ఈ తేదీ వరకు బాగుంటుంది) అని ఉంటే ఆ తేదీ దాటినా చూసి, వాసన చూసి తినొచ్చు. పెరుగైతే నేను చాలాసార్లు తిన్నాను. 'త్సు ఫెర్‌బ్రౌఖెన్ బిస్' (ఈ తేదీలోపు వాడేయాలి) అని ఉంటే మాత్రం తేదీ దాటాక ముట్టుకోవద్దు. ఖీమా లాంటి వాటి మీద అది ఉంటుంది.

ఒక్కరే ఉంటే ఆప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సూపర్ మార్కెట్లో గడువు దగ్గరపడిన వాటికి 30 శాతం తగ్గింపు స్టిక్కర్ వేస్తారు, అందులో ఏముందో చూసి మరీ కొనుక్కోవచ్చు. అసలు డబ్బే వద్దనుకుంటే, మిగిలిన తిండిని ఉచితంగా పంచుతూ 2012 నుంచి నడుస్తున్న ఫుడ్‌షేరింగ్ అనే సంస్థ వాలంటీర్లు చాలా ఊళ్లలో ఫెయర్‌టైలర్ అనే అల్మరాలు, ఫ్రిజ్‌లు పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. మీ యూనివర్సిటీ దగ్గర ఉందేమో వాళ్ల వెబ్‌సైట్ మ్యాప్‌లో చూడండి.