డిష్‌వాషర్‌లో నీళ్లు నిలిచిపోతే...

ప్రశ్న: మా డిష్‌వాషర్ మధ్యలో ఆగిపోయి ‘ఈ24’ అని చూపిస్తోంది. అడుగున నీళ్లు నిలిచాయి. ఆపి మళ్లీ ఆన్ చేసినా అంతే. మెకానిక్‌ని పిలవాల్సిందేనా?

జవాబు: అప్పుడే వద్దండి. కోడ్ల అర్థం కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. కానీ అడుగున నీళ్లున్నాయన్నారు కాబట్టి, మురుగునీరు బయటికి పోవడం లేదనే నా అనుమానం.

ప్లగ్ తీసేసి, నీళ్లను స్పాంజితో తోడేయండి. కింది అర బయటికి లాగితే ఫిల్టర్ కనిపిస్తుంది. చాలావాటిలో ఎడమకు తిప్పితే ఊడి వస్తుంది. కుళాయి కింద పెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. జాలీకి పట్టిన జిడ్డు మామూలుగా కంటికి ఆనదు, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఫిల్టర్ కింది గుంతలో గాజు పెంకులు ఉండొచ్చు, వట్టి చేత్తో తడమొద్దు!

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వెనకున్న డ్రెయిన్ పైపు కూడా చూడండి. యంత్రాన్ని గోడకు నెట్టినప్పుడు అది మడత పడిపోతుంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కోడ్ వస్తుంటే పంపును చూడాలి, ఆ పని మెకానిక్‌దే. యంత్రం కింద నేల తడిగా ఉంటే మాత్రం ఇవేవీ చేయకుండా కరెంటు తీసేసి, నీళ్ల కుళాయి కట్టేసి, వెంటనే పిలిపించండి.