అందరికీ నెలనెలా డబ్బు: ఊరి మాట కనుక్కోవడమెలా?

ప్రశ్న: ప్రభుత్వం అందరికీ నెలనెలా డబ్బులిస్తే ఎలా ఉంటుందని మా ఊళ్లో అడిగితే దాదాపు అందరూ కావాలన్నారు. కాలేజీ ప్రాజెక్టులో అలాగే రాయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: రాయొద్దు. ఊరికే వస్తుందంటే వద్దనేదెవరు? బదులుగా ఏం పోతుందో కూడా చెప్పి అడగాలి. స్విట్జర్లాండ్‌లో 2016 జూన్ 5న ఇదే విషయం ఓటుకు పెడితే దాదాపు 77 శాతం కాదన్నారు.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వ 2016-17 ఆర్థిక సర్వే ఇలాంటి పథకానికి వేసిన లెక్క మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, అంటే నెలకు 635. కాబట్టి రెండు ప్రశ్నలు రాసుకోండి. "నెలకు 635 ఇస్తే సమ్మతమేనా?" అనేది ఒకటి. "635 ఇచ్చి రేషన్ బియ్యం ఆపేస్తే?" అనేది ఇంకొకటి. రెండూ ఒకరినే అడగొద్దు, మొదట అన్నమాటకే కట్టుబడిపోతారు. సగం మందికి ఒకటి, మిగతా సగానికి రెండోది.

రచ్చకట్ట మీద దొరికినవాళ్లతో సరిపెట్టుకోకండి. ఓటర్ల జాబితాలో 4,000 పేర్లుంటే 1 నుంచి 10 లోపు చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి పదో పేరు పట్టుకోండి. 400 మందిని అడిగితే మీ లెక్కకూ ఊరందరి అసలు మాటకూ తేడా అటూఇటూ 5 శాతం దాకా ఉండొచ్చు. ఒక్కో ప్రశ్నకు 200 మందే కాబట్టి 7 దాకా పోతుంది. పగలు కూలోళ్లు దొరకరు, పొద్దుగూకాక వెళ్లండి. తాళం కనబడితే పక్కింటికి పోకుండా మళ్లీ రావాలి.

సచివాలయం వాళ్లను మాత్రం వెంటబెట్టుకోవద్దు. పింఛను తీసేస్తారేమోనన్న భయంతో జనం వాళ్లకు నచ్చే జవాబే చెబుతారు. "తెలీదు" అన్నవాళ్లను విడిగా రాయండి, "వద్దు"లో కలపకండి.